బండెక్కిన పడవలు



ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు మన పెద్దలు. కలిమిలేములు తారుమారు కావడం గురించి చెప్పిన సామెత అది. ఈ రోజు నేను ఆ సామెతను మాటకు మాటగా తీసుకుంటున్నాను. నిజంగానే బండెక్కిన పడవల చరిత్ర మీతో చెప్పుకోవాలని వచ్చాను. తెరచాప గల చిన్న పడవను బండిమీద వేసుకుని, వేసవి సెలవుల్లో సముద్రం దాకా లాక్కుపోయి, వారమో రెండు వారాలో తీరం వెంబడి తిరిగి, మళ్ళీ బండెక్కించి ఇంటికి తెచ్చుకోవడం అనే వింత అలవాటు ఒకటుంది. దాన్ని బాగా పెంచి పోషించిన దేశం ఇంగ్లండు. ఇందులో చరిత్ర ఏముంది, సరదా తప్ప, అని మీకు అనిపించవచ్చు. ఉంది. సముద్రం మీద షికారు ఒకప్పుడు ప్రభువుల సొత్తు. అది గుమాస్తాలకు, బడిపంతుళ్ళకు, కర్మాగారాల్లో పనిచేసేవారికి ఎలా అందిందన్నదే ఈ కథ. దాని వెనుకనే ఇంకొక చిక్కు ప్రశ్న కూడా వస్తుంది. అది దాని చోట చెప్తాను.

మోసుకుపోగల పడవ మనకు కొత్తది కాదు. తుంగభద్ర ఒడ్డున ఉన్నవారికి హరిగోలు తెలుసు. కొన్ని ఊళ్ళలో పుట్టి అంటారు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి పైన తోలు బిగించేవారు. తోలు పోయి ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. పని అయిపోగానే దాన్ని నెత్తిమీద బోర్లించుకుని నడిచిపోయే మనిషిని దూరం నుంచి చూస్తే పెద్ద తాబేలు లేచి నిలబడి నడుస్తున్నట్టే ఉంటుంది. ఇటు తూర్పు తీరాన మన జాలరుల తెప్ప ఉంది. నాలుగైదు దుంగలను తాళ్ళతో బిగించి కట్టేది. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలు విడదీసి, ఇసుకలో ఆరబెట్టేవారు. ఇప్పుడు చాలా చోట్ల ఫైబరు పడవలు, ఇంజన్లు వచ్చి తెప్పలు తగ్గిపోయాయి. అయితే హరిగోలైనా తెప్పయినా బతుకు తెరువు కోసం పుట్టినవి. సరదా కోసం పడవను మోసుకుపోవడం వేరే సంగతి. అది నూట అరవై ఏళ్ళ కిందటి మాట.

అప్పట్లో ఇంగ్లండులో షికారు ఓడ ఉండాలంటే దానికొక రేవు, జీతగాళ్ళయిన నావికులు, చలికాలంలో ఓడను భద్రపరచడానికి ఖర్చు, ఇవన్నీ ఉండాలి. ఓడ యజమాని పైన కూర్చుంటే పనివాళ్ళు తెరచాపలు ఎత్తేవారు. ఆ పద్ధతిని తలకిందులు చేసినవాడు జాన్ మెక్‌గ్రెగర్ అనే న్యాయవాది.

ఆయన పుట్టుకలోనే సముద్రం ఉంది. 1825 జనవరిలో పుట్టాడు. తండ్రి సైన్యంలో మేజరు. బిడ్డ చంటివాడుగా ఉండగానే ఆ కుటుంబం కెంట్ అనే ఓడ ఎక్కింది. అది ఈస్టిండియా కంపెనీ వారి ఓడ. 31వ పటాలాన్ని ఎక్కించుకుని బంగాళం, ఆ పైన చైనా పోవలసినది. మార్చి 1వ తేదీన బిస్కే అఖాతంలో పెద్ద తుపాను మధ్య ఓడ అడుగున సారాయి పీపాలున్న చోట నిప్పంటుకుంది. ఇక బతకమనుకున్న తండ్రి ఒక చీటీ రాసి సీసాలో పెట్టాడు. ఇంతలో కేంబ్రియా అనే ఒక చిన్న ఓడ దైవం పంపినట్టు అటుగా వచ్చింది. తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన కెంట్ నుంచి అయిదు వందల మందికి పైగా ప్రాణాలను అది తెచ్చుకుంది. వారిలో ఈ చంటిబిడ్డ కూడా ఉన్నాడు. ఆ సీసా మాత్రం ఏడాదిన్నర దాటాక అట్లాంటిక్ అవతల బార్బడోస్ దీవి ఒడ్డున దొరికింది.

ఆ బిడ్డ పెద్దవాడై కేంబ్రిడ్జిలో గణితం చదివాడు, న్యాయవాది అయ్యాడు. లండను వీధిపిల్లల కోసం నడిచే ఉచిత బడులకు చాలా పని చేశాడు. 1851లో లండనులో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు, దిక్కులేని పిల్లలకు బూట్లు తుడిచే పని నేర్పి, యూనిఫారం ఇచ్చి, నాలుగు డబ్బులు సంపాదించుకునేలా సంఘం పెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. పడవ మాట ఎత్తకపోయినా బడిపంతుళ్ళం ఆయనను తలచుకోవలసిందే.

1865 వేసవికి ఆయన లండనులో ఒక పడవ చేయించుకున్నాడు. పేరు రాబ్ రాయ్. పొడవు 15 అడుగులు. వెడల్పు 28 అంగుళాలు. లోతు 9 అంగుళాలు. టేకు కాదు, ఓకు చెక్కతో చేసి పైకప్పు దేవదారుతో వేయించాడు. బరువు 80 పౌండ్లు, అంటే సుమారు 36 కిలోలు. రెండు వైపులా పలకలున్న 7 అడుగుల తెడ్డు, ఒక చిన్న తెరచాప. మూడు నెలల ప్రయాణానికి ఆయన తీసుకుపోయిన సామానంతా అడుగు చదరం, ఆరంగుళాల లోతు గల ఒక నల్ల సంచిలో ఇమిడింది. మనవాళ్ళు రెండు రోజుల పెళ్ళికి పోయేటప్పుడు కట్టే మూటలు గుర్తొస్తే నవ్వొస్తుంది.

ఈ కొలతలన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఆయన వాటిని యథాలాపంగా పెట్టలేదు. జర్మనీ రైళ్ళలో సామాను పెట్టెలో పట్టేంత పొడవు, ఇద్దరు మనుషులు ఎత్తగలిగినంత బరువు ఉండాలని లెక్క వేసి చేయించాడు. థేమ్స్ నది నుంచి బయలుదేరి, కాలువ దాటి బెల్జియం చేరి, మ్యూజ్, రైన్ నదులు చూసి, డాన్యూబ్ పుట్టిన చోటికి పోయి, స్విట్జర్లండు సరస్సులు తిరిగి, ఫ్రాన్సులో మోసెల్, మార్న్, సేన్ నదుల మీదుగా పారిస్ చేరాడు. ఒక నదికీ ఇంకొక నదికీ మధ్య నీళ్ళు లేని చోట రాబ్ రాయ్ రైలెక్కింది, పల్లెటూరి బళ్ళెక్కింది, కూలీల భుజాలెక్కింది. రైలు గుమాస్తాలకు దీన్ని సామాను కింద రాయాలో, సరుకు కింద రాయాలో తోచేది కాదు. ఊళ్ళకు ఊళ్ళు చూడటానికి వచ్చేవి. అడవిలో బండిమీద పడవ పోతుంటే జనం వింతగా చూడరా మరి!

మరుసటి ఏడు, 1866లో, రాబ్ రాయ్‌లో వెయ్యి మైళ్ళ ప్రయాణం గురించి ఆయన పుస్తకం అచ్చయింది. విపరీతంగా అమ్ముడయింది. ఆ రాబడిని ఆయన ఉంచుకోలేదు. సముద్రంలో చిక్కుకున్నవారిని రక్షించే లైఫ్‌బోట్ సంస్థకూ, ఓడ మునిగిన నావికుల సహాయ సంఘానికీ ఇచ్చేశాడు. నెలల బిడ్డగా తాను తీసుకున్న ప్రాణదానాన్ని నలభై ఏళ్ళకు తీర్చుకున్నాడని నేను అనుకుంటాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ ఏడాదే లండనులో కనూ క్లబ్బు ఏర్పడింది. 1867లో పారిస్ ప్రదర్శనకు ఆయన 21 అడుగుల తెరచాప పడవలో ఒంటరిగా సముద్రం దాటి పోయివచ్చాడు. ఆ తర్వాత మరొక రాబ్ రాయ్‌ని ఈజిప్టుకూ పాలస్తీనాకూ తీసుకుపోయాడు. 1869లో జోర్డాన్ నది ఎగువన హూలా చిత్తడి నేలల్లో అరబ్బులు ఆయనను పట్టుకున్నారు. పడవ దిగనని మొండికేస్తే, పడవను మనిషితో సహా భుజాల మీదికెత్తుకుని తమ షేకు గుడారానికి మోసుకుపోయారు. పల్లకీలో ఊరేగడం విన్నాం గాని పడవలో ఊరేగినవాడు ఆయనొక్కడే కావచ్చు.

మెక్‌గ్రెగర్ చూపిన దారిలో చాలామంది నడిచారు. నవలాకారుడు స్టీవెన్‌సన్ 1876లో ఒక మిత్రుడితో కలిసి ఇలాంటి రెండు పడవల్లోనే బెల్జియం, ఫ్రాన్సు కాలువల మీద తిరిగాడు. 1883లో తూర్పు తీరాన హంబర్ యాల్ క్లబ్బు అని ఒకటి వెలిసింది. దాని సభ్యులు పడవను కొంచెం పెద్దది చేశారు. రాత్రి అందులోనే పడుకోగలగాలి, సముద్రానికి కొంత తట్టుకోవాలి, అయినా రైలుకూ స్టీమరుకూ ఎక్కించగలగాలి. హల్ రేవు నుంచి స్టీమరు మీద తమ చిన్న పడవను వేసుకుని హాలండుకూ బాల్టిక్ సముద్రానికీ పోయి, అక్కడ దించి తిరిగేవారు. పెద్ద ఓడ మీద చిన్న పడవ బండెక్కినట్టే ఎక్కేది.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి చిన్న పడవను ఇంగ్లీషువారు డింగీ అంటారు. ఆ మాట వారిది కాదు. బెంగాలీ, హిందీ భాషల్లో డింగీ అంటే చిన్న పడవ. కంపెనీ నావికులు మన నదుల మీద విని మోసుకుపోయారు. జంట పడవలకు వాడే కేటమరాన్ అన్న మాట తమిళుల కట్టుమరం. కన్నడంలో దోణి, తమిళంలో తోణి, మనకు దోనె. రెండు భాషల మధ్య బతికే మనలాంటివారికి మాటలు గట్టు దాటడం వింత కాదు గాని, పడవ పేరు పడవెక్కి పోవడం మాత్రం ముచ్చటగా ఉంటుంది.

సరే, మెక్‌గ్రెగర్‌కు తీరిక ఉంది, డబ్బూ ఉంది. వారానికి ఆరు రోజులు పనిచేసే కూలికి మూడు నెలల ప్రయాణం ఎక్కడిది? కూలికి ముందు కావలసింది పడవ కాదు, సెలవు. ఇంగ్లండులో 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. ఏడాదికి ఒక వారమైనా జీతం తెగకుండా సెలవు ఇవ్వాలన్న దారికి అది బాట వేసింది. మరుసటి ఏడే యుద్ధం వచ్చి పడింది గనుక దాని ఫలం జనానికి అందింది 1945 తర్వాతనే.

యుద్ధం ఇంకొకటి కూడా మిగిల్చింది. మస్కిటో అనే యుద్ధ విమానాన్ని చెక్కతో చేశారు. పలుచని చెక్క పొరలను బంకతో అతికించి ప్లైవుడ్ చేసి, నీళ్ళకు ఊడని కొత్త రకం జిగురులు వాడారు. యుద్ధం ముగిశాక ఆ ప్లైవుడ్, ఆ జిగురు పడవలకు వచ్చాయి. అంతవరకు పడవ కట్టాలంటే తరాల పనితనం ఉన్న వడ్రంగి కావాలి. ఒక్కొక్క పలకను ఆవిరిపట్టి వంచి, మేకులు దిగ్గొట్టి, సందుల్లో నార కూరాలి. ప్లైవుడ్ వచ్చాక రంపం, స్క్రూడ్రైవరు పట్టగలిగిన ప్రతివాడూ తన పెరట్లో పడవ కట్టుకోవచ్చునన్నారు.

అన్నవారు చేసి చూపించారు కూడా. 1963లో డైలీ మిర్రర్ పత్రిక తన పేరుతోనే ఒక పడవను జనంలోకి తెచ్చింది. ఆలోచన బారీ బక్నెల్‌ది. టెలివిజనులో ఇంటి మరమ్మతులు నేర్పే మనిషి ఆయన. రూపకల్పనలో జాక్ హోల్ట్ చెయ్యి కలిపాడు. పొడవు 10 అడుగుల 10 అంగుళాలు. ప్లైవుడ్ ముక్కల అంచుల్లో బెజ్జాలు వేసి, రాగి తీగతో విస్తరాకు కుట్టినట్టు కుట్టి, ఆ కుట్టు మీద గాజునార పట్టీ వేసి రెసిను పూయడమే పని. మొత్తం సామాను పెట్టె ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. అప్పటి సగటు పనివాడి నాలుగు వారాల జీతం. ఎర్ర తెరచాపల ఆ మిర్రర్ పడవలు ఇప్పటికి డెబ్బై వేలకు పైగా తయారయ్యాయి. చరిత్ర పుస్తకాల్లో రాజుల పట్టాభిషేకాల తేదీలు ఉంటాయి. ఇలాంటి తేదీ ఒకటి కూడా ఉంటే బాగుండునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

సెలవు వచ్చింది, పడవ వచ్చింది. ఇక దాన్ని నీళ్ళ దాకా తీసుకుపోవడం. అప్పటికి సామాన్యుల ఇళ్ళకు చిన్న కార్లు వస్తున్నాయి. కారు వెనుక కొక్కేనికి తగిలించే రెండు చక్రాల బండి, ట్రెయిలరు, రైలు చేసిన పనిని చేసింది. రేవులో ఏడాది పొడుగునా అద్దె కట్టనక్కరలేదు. పడవ ఇంటి పక్కన బోర్లించి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తగిలించుకుంటే శనివారం పొద్దుటికి సముద్రం.

వినడానికి తేలికగా ఉంది గాని దానికీ తిప్పలున్నాయి. రోడ్డు మీద వేడెక్కిన చక్రాల బేరింగులను చల్లని ఉప్పునీళ్ళలో ముంచితే తుప్పు లోపలికి పోతుంది. తిరుగుదారిలో నడిరోడ్డు మీద చక్రం ఊడి పడినవారు ఉన్నారు. తెరచాప కొయ్యను రోడ్డు మీద పడుకోబెట్టి తెచ్చి ఒడ్డున నిలబెట్టాలి. పైన కరెంటు తీగలున్నాయేమో చూసుకోకుండా ఎత్తి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. అమెరికాలో పడవను ఇంకా పెద్దది చేసి, లోపల నాలుగు పడకలు పెట్టి, దాన్నీ బండెక్కించారు. అక్కడ రోజర్ మెక్‌గ్రెగర్ అనే ఆయన (మళ్ళీ ఒక మెక్‌గ్రెగర్!) కంపెనీ ఒక ఉపాయం వాడింది. పడవ ఒరగకుండా అడుగున బరువు కావాలి, బండి లాగడానికేమో బరువు ఉండకూడదు. అందుకని పడవ అడుగున తొట్టి కట్టి, సముద్రంలోకి దిగాక అందులో నీళ్ళు నింపి, ఒడ్డుకు వచ్చేటప్పుడు వదిలేసే ఏర్పాటు చేశారు.

ఇలాంటి పడవలన్నిటికీ ప్రాణం ఇంకొకటుంది. తెరచాప పడవను గాలి పక్కకు తోస్తుంది. తోయకుండా నీళ్ళలోకి లోతుగా ఒక పలక ఉండాలి. పెద్ద ఓడలకు అది అడుగున శాశ్వతంగా ఉంటుంది, అందుకే అవి ఒడ్డుకు రాలేవు. చిన్న పడవలో ఆ పలకను మధ్యలో ఒక నిలువు పెట్టెలోంచి దించుతారు, కావలసినప్పుడు పైకి లాగుతారు. పలక దించితే గాలికి అటొక వాలు ఇటొక వాలుగా ఎదురు పోగలదు. పలక లాగేస్తే జానెడు నీళ్ళలో తేలుతుంది. ఇంగ్లండు తీరంలో ఆటుపోట్లు మనకన్నా చాలా ఎక్కువ. బ్రిస్టల్ చానెల్‌లో పోటుకూ పాటుకూ నీటిమట్టం 40 అడుగులకు పైగా మారుతుంది. పాటు వచ్చి నీళ్ళు తీసినప్పుడు ఈ పడవ బురద మీద చక్కగా కూర్చుంటుంది. తెరచాప దూలం మీద గుడారం గుడ్డ కప్పి, స్టవ్వు మీద టీ కాచుకుని, మనిషి లోపల పడుకుంటాడు. మళ్ళీ పోటు వచ్చి పడవను లేపేదాకా అదే ఇల్లు. 1955లో ఇలాంటివారు ఒక సంఘం కూడా పెట్టుకున్నారు.

ఇక ఇందులోని సాహసం మాట. 1957లో ఇయన్ ప్రాక్టర్ అనే రూపకర్త వేఫేరర్ అనే పడవను గీశాడు. బాటసారి అని అర్థం. పొడవు 15 అడుగుల 10 అంగుళాలు. పైకప్పు గది లేదు, పూర్తిగా తెరిచిన పడవ. కుటుంబంతో పగటి షికారుకు, కావాలంటే తీరం వెంట నాలుగు రోజులకు ఉద్దేశించినది. దాన్ని కొన్నవారిలో నార్‌ఫోక్ జిల్లాలో మోటారు కార్ల వ్యాపారం చూసే ఫ్రాంక్ డై ఒకడు. తన పడవకు వాండరర్ అని పేరు పెట్టాడు. తెరచాప మీద అంకె 48.

1963 వేసవిలో ఫ్రాంక్ డై, ఒక మిత్రుడు వాండరర్‌లో స్కాట్లండు ఉత్తరపు కొస నుంచి ఐస్‌లాండుకు పోయారు. సుమారు 650 మైళ్ళు. 11 రోజులు. ఉత్తర అట్లాంటిక్ అలల మధ్య కప్పులేని పడవలో ఇద్దరు మనుషులు. చేరిన చోటు హైమే దీవి. ఆ నవంబరులోనే ఆ దీవికి కొద్ది దూరంలో సముద్రగర్భంలో అగ్నిపర్వతం పేలి సర్ట్సీ అనే కొత్త దీవి పైకి లేచింది. నాలుగు నెలలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో!

మరుసటి ఏడు, 1964లో, ఈసారి నార్వేకు బయలుదేరారు. నడిసముద్రంలో తొమ్మిదో అంకె తుపాను గాలి కొట్టింది. ఫ్రాంక్ డై కొయ్యను కీలు మీద కిందికి వంచేలా ముందే చేయించుకున్నాడు. దాన్ని వంచి, ముక్కు నుంచి తాడు చివర గుడ్డతో చేసిన సముద్రపు లంగరు వదిలాడు. అది నేలను పట్టదు, నీళ్ళనే పట్టుకుని పడవ ముక్కును అలకు ఎదురుగా నిలుపుతుంది. అయినా పడవ నాలుగుసార్లు తిరగబడింది. కొయ్య విరిగింది. నాలుగుసార్లూ ఇద్దరూ మంచులాంటి నీళ్ళలోంచి పడవను తిప్పి, ఎక్కి, నీళ్ళు తోడుకున్నారు. విరిగిన కొయ్యతోనే ఏదో ఒక చాప కట్టుకుని నార్వే చేరారు.

ఇక్కడే మొదట చెప్పిన చిక్కు ప్రశ్న వస్తుంది. సరదాకు పోయి ప్రాణాపాయం తెచ్చుకుంటే రక్షించడానికి ఎవరు పోవాలి? ఎవరి ప్రాణం ఒడ్డి? ఇంగ్లండు తీరంలో లైఫ్‌బోట్ సంస్థ 1824 నుంచి ఉంది. ప్రజల చందాలతో నడుస్తుంది. అందులో పోయేవారు ఎక్కువమంది ఊరి స్వచ్ఛంద సేవకులు. ఒకనాడు వారు జాలరులు. పడవలు చవకై, బండెక్కి, వేలమంది సముద్రానికి వచ్చేసరికి వారి పనిలో షికారు పడవల వాటా పెరిగింది. సముద్రం అందరికీ అందాలి అన్న న్యాయం నిజమే. ఆ అందుబాటు ఖరీదులో కొంత భాగం ఒడ్డున నిద్ర లేచి పరుగెత్తేవాడు కడుతున్నాడన్నది కూడా నిజమే. మెక్‌గ్రెగర్ తన పుస్తకం రాబడిని ఆ సంస్థకే ఎందుకు ఇచ్చాడో ఇప్పుడు బోధపడుతుంది.

మనకు ఇది దూరపు సంగతి కాదు. పూరీ ఒడ్డున తరతరాల కిందట స్థిరపడ్డ మన తెలుగు జాలరులను అక్కడివారు నోలియాలంటారు. తెల్లటి కోసు టోపీ పెట్టుకుని, స్నానానికి దిగిన యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకుపోయేది, కొట్టుకుపోయేవారిని లాక్కొచ్చేది వారే. యాత్రికుడికి ఒక మునక. నోలియాకు అది రోజూ పని. ఒడ్డున నిలబడి చూస్తే ఈ రెండింటికీ తేడా బాగా తెలుస్తుంది.

రేడియో వినేవారికి ఒక ముచ్చట చెప్పకుండా ముగించలేను. చిన్న పడవకు పెద్ద రక్ష పలక కాదు, తాడు కాదు. ముందుగా తెలియడం. రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అనే నౌకాధికారి 1861లో తంతి ద్వారా రేవులకు తుపాను హెచ్చరికలు పంపించి, స్తంభాల మీద శంకువు ఆకారపు గుర్తులు ఎత్తించడం మొదలుపెట్టాడు. డార్విన్‌ను బీగిల్ ఓడలో ప్రపంచమంతా తిప్పినవాడు ఆయనే. పత్రికలు, చేపల పడవల యజమానులు ఆయనను ఎగతాళి చేసినా పట్టు వదలలేదు. 1865 వసంతంలో చనిపోయాడు. ఆ వేసవిలోనే రాబ్ రాయ్ బయలుదేరింది. మన కాకినాడలో, బందరులో తుపానుకు ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద సూచికలు ఎగరేశారని వార్తల్లో వింటామే, ఆ పద్ధతికి మూలం అక్కడుంది. ఫ్రాంక్ డై తరంవారు చిన్న ట్రాన్సిస్టరును చెవికి ఆనించుకుని బి.బి.సి. వారి సముద్ర వాతావరణ సూచన కోసం కాచుకునేవారు. డాగర్, ఫిషర్, జర్మన్ బైట్ అంటూ సముద్రాన్ని పేటలుగా పంచి, ఒక్కొక్క పేటకు గాలి ఎంత, చూపు ఎంత దూరం అని చదివేవారు. 2002లో అందులో ఒక పేటకు ఫిట్జ్‌రాయ్ అని పేరు మార్చారు. వాతావరణం చెప్పిన మనిషి వాతావరణ వార్తల్లోనే చేరిపోయాడు.

మన దగ్గర ఇలాంటి వేసవి పడవ షికార్లు ఎందుకు లేవని నన్ను పిల్లలు అడుగుతుంటారు. మనవాళ్ళకు ధైర్యం లేక కాదు. అక్కడ వేసవి అంటే సముద్రం సాధువుగా ఉండే కాలం. మనకు మే నెలలోనే వాయుగుండాలు మొదలవుతాయి, ఆ వెంటనే నైరుతి వస్తుంది, శరత్తులో మళ్ళీ తుపాన్లు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు ఒకప్పుడు ఓడలు కట్టిన చోటు. 1839 నవంబరు తుపాను దాన్ని ఎలా తుడిచిపెట్టిందో ఆ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మన వేసవిలో సముద్రానికే సెలవు.

వాండరర్ ఇప్పుడు కార్న్‌వాల్ జిల్లా ఫాల్మత్ పట్టణంలోని జాతీయ నౌకా సంగ్రహశాలది. ఫ్రాంక్ డై 2010లో చనిపోయాడు. ఆయన భార్య మార్గరెట్ కూడా అదే పడవలో తిరిగినామె. చిన్న పడవలో తిరగడం ఎలాగో నేర్పే పుస్తకం ఒకటి తానూ రాసింది. వేఫేరర్ పడవలు ఇంతవరకు పదకొండు వేలకు పైగా నీళ్ళలోకి దిగాయి. 48వ అంకె పడవ మాత్రం ఒక్కటే.

సెలవు.